క్యాంపస్ మూసేశారు, డ్యూటీ మాత్రం ఉంది

అమెరికాలో మంచు తుఫాను ముంచుకొచ్చే రోజు తెల్లవారుజామునే యూనివర్సిటీ నుంచి విద్యార్థుల ఫోన్లకు మెసేజ్ వస్తుంది. వాతావరణం బాగోలేదు కాబట్టి క్యాంపస్ మూసివేస్తున్నాం, తరగతులు రద్దు అని. మామూలు డిగ్రీ విద్యార్థి అంతవరకు చదివి మళ్లీ దుప్పటి కప్పుకుంటాడు. మెడికల్, నర్సింగ్, డెంటల్, ఫార్మసీ విద్యార్థులకు చాలాచోట్ల దాని కింద ఇంకో రెండు వాక్యాలు ఉంటాయి. క్లినికల్ బాధ్యతల్లో ఉన్నవాళ్లు తమ సైట్‌ను, అంటే శిక్షణ పొందే ఆసుపత్రినో క్లినిక్‌నో సంప్రదించాలని ఒకటి. ప్రయాణం విషయంలో ఎవరి విచక్షణ మేరకు వాళ్లు నిర్ణయం తీసుకోవాలని మరొకటి.

రెండో వాక్యం పైకి మర్యాదగానే ఉంటుంది. పెద్దవాళ్లను పెద్దవాళ్లుగా చూసినట్టే అనిపిస్తుంది. కానీ అదే కాలేజీ హ్యాండ్‌బుక్ తెరిస్తే గైర్హాజరు గురించి ఇంకోలా రాసి ఉంటుంది. ఇన్ని రోజులు మించి రాకపోతే రొటేషన్ (ఒక్కో విభాగంలో కొన్ని వారాలు చేసే శిక్షణ) మళ్లీ చేయాలి, పోయిన ప్రతి షిఫ్టునూ తర్వాత పూర్తి చేయాలి, ముందుగా అనుమతి తీసుకోని గైర్హాజరును వృత్తి ప్రవర్తన కింద లెక్కిస్తారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే విద్యార్థికి అర్థమయ్యేది ఒకటే: రావాలా వద్దా అన్నది నీ ఇష్టం, రాకపోతే జరిగేది మాత్రం మా ఇష్టం. తుఫాను రోజున ఒక వృత్తి విద్యా సంస్థ తన విద్యార్థుల భద్రతను ఎంత గట్టిగా పట్టించుకుంటుందో తెలుసుకోవాలంటే హెచ్చరిక మెసేజ్ చదివితే చాలదు. అటెండెన్స్ నిబంధన చదవాలి.

మామూలు కాలేజీకీ లా స్కూల్, మెడికల్ స్కూల్ లాంటి వాటికీ ఇందులో తేడా ఎందుకొస్తుంది? మొదటి కారణం, విద్యార్థి ఎక్కడ ఉంటాడన్నది. డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది హాస్టల్లోనో, నడిచి వెళ్లేంత దూరంలోనో ఉంటారు. క్యాంపస్ మూసినా తెరిచినా వాళ్లు దాటాల్సింది ఒకటి రెండు వీధులు. వృత్తి కోర్సులవాళ్లు వయసులో పెద్దవాళ్లు, కొందరికి పిల్లలు కూడా ఉంటారు, అద్దె తక్కువని దూరంగా ఉంటారు, కారులో వస్తారు. సాయంత్రం లా కోర్సు చదివేవాళ్లు పగలు ఉద్యోగం ముగించుకుని చీకట్లో బయల్దేరతారు. క్యాంపస్ మూయాలా వద్దా అని నిర్ణయించే అధికారి చూసేది క్యాంపస్ రోడ్లు, పార్కింగ్ స్థలాలు, కరెంటు. అక్కడ మంచు ఎత్తేస్తే చాలు, తెరవొచ్చు. నలభై మైళ్ల అవతల కౌంటీ రోడ్డు మీద పేరుకున్న మంచు ఆయన లెక్కలోకి రాదు. పిల్లల బడులు మూసేసి లా స్కూల్ తెరిచి ఉన్న రోజున తల్లిగానో తండ్రిగానో ఉన్న విద్యార్థి పరిస్థితి ఏమిటన్నది అసలే రాదు.

రెండో కారణం, చదువు జరిగే చోటు. మూడో ఏడాది వైద్య విద్యార్థి క్యాంపస్‌లో కనిపించడమే అరుదు. ఒక నెల పెద్దాసుపత్రి, ఇంకో నెల పల్లెటూరి క్లినిక్, ఆ తర్వాత పిల్లల ఆసుపత్రి. వీటిలో ఏదీ యూనివర్సిటీ మూసివేత ఆదేశానికి కట్టుబడి లేదు.

చట్టం ఏమంటోంది? క్యాంపస్ భద్రత గురించి 1990లో వచ్చిన క్లెరీ చట్టానికి 2008లో ఒక భాగం చేర్చారు. విద్యార్థుల ఆరోగ్యానికి, భద్రతకు తక్షణ ముప్పు ఉందని నిర్ధారణ కాగానే సంస్థ వెంటనే హెచ్చరించాలి, ఆ హెచ్చరిక వ్యవస్థను ఏడాదికోసారి పరీక్షించాలి. దూసుకొస్తున్న టోర్నడో ఇలాంటి ముప్పే. ఇది మంచి నిబంధన, దీనివల్లే ఇవాళ ప్రతి ఫోనూ మోగుతోంది. అయితే ఇందులో రెండు ఖాళీలున్నాయి. ఒకటి, చట్టం చెప్పేది క్యాంపస్‌లో తలెత్తే ముప్పు గురించి. క్యాంపస్‌కు వచ్చే దారి అందులో లేదు. రెండు, అది హెచ్చరించమంటుందే తప్ప ఆ హెచ్చరిక విని రాకుండా ఉండిపోయిన విద్యార్థికి మార్కులు కోయొద్దని అనదు. చట్టం అడిగినంత వరకు సంస్థలు శ్రద్ధగానే చేస్తున్నాయి. అడగని చోట ‘విచక్షణ’ అన్న మాట పెట్టి వదిలేస్తున్నాయి. ఆ మాటను అక్కడ పెట్టింది డీన్ కాకపోవచ్చు, న్యాయ సలహాదారు కావచ్చు. రేపు ప్రమాదం జరిగితే ‘మేం రమ్మనలేదు’ అనడానికి అది పనికొస్తుంది.

లా స్కూళ్ల వాళ్లను అడిగితే గుర్తింపు నిబంధనల మీదికి నెడతారు. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ తరగతులకు క్రమంగా హాజరవడంపై ప్రతి స్కూలుకూ ఒక విధానం ఉండాలంటుంది. డిగ్రీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి. ఒక్కో క్రెడిట్‌కు వారానికో గంట చొప్పున, పరీక్షల వారంతో కలిపి 15 వారాల బోధన జరగాలి, ఆ గంటకు 50 నిమిషాలైనా సరిపోతుంది. ఇదంతా నిజమే. కానీ ఈ నిబంధనలు కోరేది మొత్తం గంటలను. ఫలానా మంగళవారం ఐసు మీద కారు నడపాలని ఎక్కడా కోరలేదు. ‘లేదా వేరే వ్యవధిలో అంతే పని’ అనే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. క్రమంగా హాజరవడమంటే ఏమిటో నిర్వచించుకునే పని స్కూలుదే. ఎన్ని తరగతులు పోతే పరీక్ష రాయనివ్వకూడదు, తుఫాను రోజును ఆ లెక్కలో కలపాలా వద్దా, ఇవన్నీ ఆ స్కూలు అధ్యాపకులు కూర్చుని రాసుకున్నవి. తాము రాసుకున్న నిబంధనను బయటి వాళ్ల ఆజ్ఞలా చూపించడం న్యాయశాస్త్రం చెప్పే చోట కాస్త విచిత్రంగానే ఉంటుంది.

2020 తర్వాత లా స్కూళ్లకు ఒక సులువు దొరికింది. మంచు పడితే జూమ్‌లో తరగతి. ప్రమాదం చాలావరకు తగ్గింది, ఒప్పుకోవాలి. దాంతోపాటు ఇంకో అంచనా కూడా వచ్చి చేరింది, ఇంట్లో ఉన్నవాడికి సాకేముంటుంది అని. మంచు బరువుకు కరెంటు తీగలు తెగే రోజు, ఇంటర్నెట్ పోయే రోజు, బడి లేని పిల్లలు ఒళ్లో కూర్చునే రోజు కూడా అదే. ఆన్‌లైన్ తరగతికి రాలేనివాళ్లకు రికార్డింగ్ ఇచ్చి, గైర్హాజరు వేయకుండా వదిలేసే స్కూలే ఈ మార్పును సరిగ్గా వాడుకున్నట్టు.

అసలు చిక్కు ఆసుపత్రుల్లో ఉంది. తుఫాను వచ్చినా రోగులు ఉంటారు, కాబట్టి ఆసుపత్రి తన సిబ్బందిని అత్యవసర సిబ్బంది, కానివాళ్లు అని ముందే విడదీసుకుంటుంది. హరికేన్లు ఎక్కువగా వచ్చే గల్ఫ్ తీరంలో తుఫాను ముగిసేదాకా లోపలే ఉండిపోయే బృందాన్ని ‘రైడ్ అవుట్ టీమ్’ అంటారు. ఆ తర్వాత వచ్చి వాళ్లను విడిపించే బృందం వేరే ఉంటుంది. ఎవరు ఏ బృందమో ముందే పేర్లు రాసుకుంటారు, పడుకునే చోటు, తిండి, జీతం లెక్క అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు ఇందులో విద్యార్థి ఎక్కడ? సాధారణంగా అతనికి జీతం లేదు. రోగికి మందు రాసే అధికారం లేదు. అతను రాకపోతే ఏ వార్డూ ఆగదు. అంటే ఏ లెక్కన చూసినా అత్యవసర సిబ్బంది కాదు. అయినా సైట్‌కు ఫోన్ చేసి కనుక్కోమంటే, ఫోన్ ఎత్తే రెసిడెంట్ (డిగ్రీ అయ్యాక అక్కడ శిక్షణలో ఉన్న డాక్టర్) ఏమంటారు? ఆయన రాత్రంతా నిద్ర లేకుండా పనిచేసి, మంచులో తన తర్వాతి డ్యూటీ డాక్టర్ ఎప్పుడొస్తాడా అని చూస్తుంటారు. ‘మేమందరం వచ్చాం’ అంటారు. అందులో తప్పు పట్టడానికీ లేదు.

ఆ మాట తర్వాత విద్యార్థికి విచక్షణ మిగలదు. క్లర్క్‌షిప్‌లో, అంటే విద్యార్థి ఆసుపత్రి శిక్షణలో, రాతపరీక్ష ఒక భాగమైతే, పైవాళ్లు రాసే అభిప్రాయం ఇంకో భాగం. అంకితభావం ఉందా, బాధ్యత తీసుకుంటాడా, నమ్మదగినవాడా అని రెండు మూడు వాక్యాలు రాస్తారు. ఆ వాక్యాలు తర్వాత రెసిడెన్సీ దరఖాస్తు దాకా వెంట వస్తాయి. తుఫాను రోజు రాలేదని ఎవరూ రాయరు. ‘ఇంకాస్త చొరవ చూపాలి’ అని రాస్తారు. అది దేని గురించో విద్యార్థి ఎప్పటికీ నిరూపించలేడు. కాబట్టి భయం ఉన్న విద్యార్థి కూడా బయల్దేరతాడు. బయల్దేరి క్షేమంగా చేరితే, మరుసటి ఏడాది రానివాళ్లకు ఉదాహరణగా నిలుస్తాడు. సంస్కృతి అనేది ఇలాగే తయారవుతుంది.

దీనికి ఎదురు వాదన బలమైనదే. డాక్టరైనా నర్సైనా వాన వచ్చిందని ఇంట్లో కూర్చునే వృత్తి కాదు, ఆ అలవాటు చదువుకునే రోజుల్లోనే పడాలి అంటారు పెద్దలు. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను న్యూయార్క్‌ను తాకిన రాత్రి ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రిలో కరెంటు పోయింది, అత్యవసరానికి ఉంచిన జనరేటర్లూ ఆగిపోయాయి. మూడు వందల మందికి పైగా రోగులను ఖాళీ చేయించాల్సి వచ్చింది. వాళ్లలో ఇంక్యుబేటర్లలో ఉన్న పసిపిల్లలూ ఉన్నారు. లిఫ్టులు లేవు. చీకటి మెట్ల మీదుగా చేతులతో మోసుకుంటూ దింపారు, ఆ పనిలో వైద్య విద్యార్థులూ చెయ్యి వేశారు. ఆ రాత్రి వాళ్లు నేర్చుకున్నది ఏ పాఠంలోనూ దొరకదు. నిజమే. అయితే ఇలాంటి వాటికి ముందుకొచ్చిన విద్యార్థికి పని చూపించే వ్యవస్థ వేరు, తాళాలు తీసుకుని ఐసు రోడ్డెక్కకపోతే మార్కులు పోతాయనే వ్యవస్థ వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం వృత్తి విద్యలో తరచూ జరిగే పొరపాటు.

విద్యార్థి అత్యవసరం కాదని ఒప్పుకోవడం అసాధ్యమేమీ కాదని 2020 మార్చి 17న తేలిపోయింది. కొవిడ్ మొదలైన ఆ రోజుల్లో అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం, వైద్య విద్యార్థులను రోగులతో నేరుగా సంబంధం ఉండే పనుల నుంచి తాత్కాలికంగా తప్పించాలని గట్టిగా సూచించింది. దేశమంతటా రొటేషన్లు ఆగాయి, తర్వాత వేరే రూపాల్లో పూర్తయ్యాయి, ఆ బ్యాచ్ డాక్టర్లయింది. వైరస్ విషయంలో కాలేజీలు ఒకేసారి తీసుకోగలిగిన నిర్ణయాన్ని మంచు విషయంలో ఒక్కో విద్యార్థి మీద ఎందుకు వదిలేస్తున్నారన్న ప్రశ్నకు సరైన జవాబు కనిపించదు.

అలసట సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2005లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఇంటర్న్‌లను పరిశీలించింది. 24 గంటలు, అంతకు మించిన షిఫ్టు ముగించి ఇంటికెళ్లేటప్పుడు కారు ప్రమాదం జరిగే అవకాశం మామూలు షిఫ్టు తర్వాత కంటే 2.3 రెట్లు ఎక్కువని తేల్చింది. అది పొడి రోడ్డును, తడి రోడ్డును కలిపి వేసిన లెక్క. రాత్రి డ్యూటీ చేసిన విద్యార్థిని తెల్లారి మంచులోకి పంపే ఆసుపత్రి, అతన్ని డ్యూటీ రూములోనే ఇంకో నాలుగు గంటలు పడుకోనిస్తే చాలు. ఖర్చేమీ లేదు. ఆ మాట ఎవరైనా చెప్పాలి, అంతే.

ప్రమాదం తుఫానును బట్టి మారుతుంది, దాంతో సరైన నిర్ణయమూ మారుతుంది. అందుకే ‘చెడు వాతావరణ విధానం’ అని ఒకే పేరాలో రాసినవి పనికిరావు. హరికేన్‌కు రోజుల ముందు తెలుస్తుంది. అక్కడ అసలు సమస్య ఎప్పుడు ఖాళీ చేయించాలన్నదే. హాస్టళ్లు మూసి అందరూ ఇళ్లకు వెళ్లండంటే, కారు లేని విదేశీ విద్యార్థి ఎక్కడికెళ్తాడన్నది కూడా ఆ నిర్ణయంలో భాగం కావాలి. టోర్నడో ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాతావరణ శాఖ ‘వాచ్’ అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది లేదా వచ్చేస్తోందని. ఆ వార్నింగ్ తర్వాత మిగిలేది నిమిషాలే. అప్పుడు తరగతి రద్దుచేసి అందరినీ ఇంటికి పంపడం కంటే ప్రమాదకరమైన పని లేదు, ఎందుకంటే టోర్నడోలో కారు వేరే ఏ దిక్కూ లేనప్పుడు మాత్రమే ఆశ్రయం. కింది అంతస్తులో, కిటికీలు లేని గదిలోకి వెళ్లాలి. అధ్యాపకుడు పాఠం ఆపి విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లాలి. ఏ గదో ఆయనకు ముందే తెలిసి ఉండాలి. వేరే ఊరి క్లినిక్‌లో ఉన్న విద్యార్థికి ఆ గది ఎవరు చూపించారు? మొదటి రోజు పరిచయ కార్యక్రమంలో పార్కింగ్, బ్యాడ్జి, కంప్యూటర్ పాస్‌వర్డ్ చూపిస్తారు. షెల్టర్ చూపించడం అరుదు.

వరదల విషయంలో గుర్తుంచుకోవాల్సింది, వరదలో మునిగి పోయేవాళ్లలో సగానికి పైగా వాహనాల్లో నీళ్లలోకి దిగినవాళ్లే. పారే నీరు ఆరు అంగుళాలుంటే మనిషి నిలబడలేడు. రెండు అడుగులుంటే చాలా కార్లు కొట్టుకుపోతాయి. రాత్రి పూట రోడ్డు మీద నీళ్లు ఎంత లోతున్నాయో కారులో కూర్చుని చెప్పలేం. ‘విచక్షణ’ అక్కడ పనిచేయదు.

ఆలస్యంగా తీసుకున్న సరైన నిర్ణయం కూడా ముంచుతుందనడానికి అట్లాంటానే సాక్ష్యం. 2014 జనవరి 28న అక్కడ పడింది రెండు మూడు అంగుళాల మంచే. ఉత్తరాది నగరాల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఉదయం బడులు, ఆఫీసులు మామూలుగా తెరిచి, మధ్యాహ్నం మంచు మొదలయ్యాక అన్నీ ఒకేసారి వదిలేశారు. లక్షలమంది ఒకే గంటలో గడ్డకట్టిన రోడ్లెక్కారు. చాలామంది రాత్రంతా హైవేల మీద కార్లలోనే గడిపారు, పిల్లలు బడుల్లో, బస్సుల్లో నిద్రపోయారు. దీన్నుంచి కాలేజీ నేర్చుకోవాల్సింది, మూసేదేదో విద్యార్థి ఇంట్లో ఉండగానే మూయాలి, లేదా వాతావరణం తెరిపిచ్చేదాకా లోపలే ఉంచాలి. ఉదయం ఆరు దాటాక వచ్చే నిర్ణయం, ఏడింటికి ఆపరేషన్ థియేటర్లో ఉండాల్సిన విద్యార్థికి అందదు. సర్జరీ రొటేషన్లో ఉన్నవాళ్లు అప్పటికే రోడ్డు మీద ఉంటారు.

ఇంకో వింత ఉంది. విపత్తు పెద్దదైతే ఇవే సంస్థలు ఎంత ఉదారంగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చాక న్యూ ఆర్లియన్స్‌లో ట్యులేన్ యూనివర్సిటీ ఒక సెమిస్టర్ మొత్తం రద్దు చేసింది. దాని మెడికల్ స్కూలుకు హ్యూస్టన్‌లోని బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ చోటిచ్చింది. అదే ఊళ్లోని లయోలా లా స్కూల్ ఆ సెమిస్టర్‌ను యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ లా సెంటర్లో నడిపింది. దేశమంతటా ఎన్నో లా స్కూళ్లు ఆ విద్యార్థులను తమ తరగతుల్లో కూర్చోబెట్టుకున్నాయి. 2011 ఏప్రిల్ 27న అలబామా రాష్ట్రంలోని టస్కలూసాను టోర్నడో చీల్చిన తర్వాత అలబామా యూనివర్సిటీ ఆరుగురు విద్యార్థులను కోల్పోయింది. అక్కడ చివరి పరీక్షలు రద్దుచేసి, అప్పటిదాకా వచ్చిన మార్కులనే తీసుకోవచ్చు, కావాలంటే పరీక్ష రాయొచ్చు అన్నారు. పట్టాల వేడుకను ఆగస్టుకు వాయిదా వేశారు. గంటలు, క్రెడిట్లు, గుర్తింపు, అన్నీ సర్దుకున్నాయి.

మరి మామూలు ఐసు ఉదయానికి ఆ సర్దుబాటు ఎందుకు ఉండదు? పేరున్న విపత్తులో నిర్ణయం సంస్థ తీసుకుంటుంది, టీవీలు చూస్తుంటాయి. పేరు లేని మంచు రోజున నిర్ణయం విద్యార్థికి వదిలేస్తారు, ఎవరూ చూడరు. కానీ రోడ్డు మీద ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి పేరు లేని రోజుల్లోనే. అమెరికా ఫెడరల్ హైవే శాఖ చాలాకాలం చెప్పిన లెక్క ప్రకారం వాతావరణంతో ముడిపడిన రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 5,000 మంది చనిపోయేవారు. అందులో పెద్ద వాటా వానకు తడిసిన రోడ్లదే.

మంచి నిబంధన రాయడం కష్టమేమీ కాదు. గైర్హాజరు మాఫీని డీన్ మూడ్‌కో, విద్యార్థి బతిమాలుకోవడానికో కాకుండా బయటి సంకేతానికి కట్టాలి. విద్యార్థి ఇల్లు, సైట్, మధ్యలో దారి, ఈ మూడింటిలో ఎక్కడ వాతావరణ శాఖ వార్నింగ్ ఉన్నా రానవసరం లేదు. విద్యార్థి అనుమతి అడగడు, రావడం లేదని తెలియజేస్తాడు. అది కూడా సైట్‌లో తనకు మార్కులు వేసే వ్యక్తికి కాదు, కాలేజీలో ఒక నంబరుకు. కాలేజీ తన తరఫున సైట్‌కు చెబుతుంది. ఇందులో కీలకం ఈ చివరి మెట్టే, మిగతావన్నీ ఉండి ఇది లేకపోతే పాత భయం పాతగానే ఉంటుంది. పోయిన గంటలను ఎలా పూరించాలన్నది తర్వాత చూసుకోవచ్చు. వైద్య విద్యకు కనీసం 130 వారాల బోధన ఉండాలని గుర్తింపు సంస్థ ఎల్‌సీఎంఈ అంటుంది, అంతటి వ్యవధిలో రెండు మూడు రోజులు ఎక్కడో ఒకచోట ఇముడుతాయి. నర్సింగ్‌లో క్లినికల్ గంటలను కచ్చితంగా లెక్కగడతారు కాబట్టి అక్కడ సెమిస్టర్ మొదట్లోనే ఒకటి రెండు ఖాళీ రోజులు పెట్టుకోవడం మేలు.

దుర్వినియోగం చేయరా అని అడుగుతారు. కొందరు చేస్తారు. ఏడాదికి వార్నింగ్ పడే రోజులు ఎన్నని? వాటిలో సోమరితనంతో ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఎందరని? ఆ కొద్దిమందిని పట్టుకోవడానికి అందరినీ రోడ్డెక్కించడం లెక్కకు రాదు.

వెటర్నరీ కాలేజీలకు మాత్రం ఇది పూర్తిగా కుదరదు. పశువులకు మేత పెట్టాలి, ఎవరో ఒకరు వెళ్లాలి. అక్కడ ఆసుపత్రుల పద్ధతే నయం. ముందురోజే ఎవరెవరు ఉండిపోతారో రాసుకుని, పడుకునే చోటు చూపించి, మిగతావాళ్లను రావొద్దనడం.

ఇవన్నీ హ్యాండ్‌బుక్‌లో రాస్తే సరిపోదు, ఎందుకంటే హ్యాండ్‌బుక్ ఆసుపత్రిని బంధించదు. మెడికల్ స్కూలుకూ అది తప్పనిసరి శిక్షణకు క్రమంగా వాడే ప్రతి బోధనాసుపత్రికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలని ఎల్‌సీఎంఈ నిబంధన. విద్యార్థి అంటువ్యాధికో, పర్యావరణ ప్రమాదానికో గురైతే, పనిలో గాయపడితే చికిత్స బాధ్యత ఎవరిదో అందులో రాయాలి. కాబట్టి సూది గుచ్చుకుంటే ఏం చేయాలో ప్రతి ఒప్పందంలోనూ స్పష్టంగా ఉంటుంది. ఆసుపత్రికి వచ్చే దారిలో ఐసు ఉంటే ఎవరు నిర్ణయించాలో రాయమని ఆ నిబంధన అడగదు. ఆ ఒప్పందాలను ఎప్పటికప్పుడు పునరుద్ధరిస్తుంటారు. వార్నింగ్ ఉన్న రోజున విద్యార్థుల రాకపోకలను కాలేజీయే నిర్ణయిస్తుందని, ఆ గైర్హాజరు మూల్యాంకనంలోకి రాదని ఒక క్లాజు చేర్చాల్సింది అక్కడే.